కాకిలెక్కలో లేని ఎండ్రవ్వ

రండి, రండి, దగ్గరికి జరిగి కూర్చోండి. మద్దిలేటీ, ఆ గోడ వదిలిపెట్టు, నువ్వు ఆనుకోకపోయినా అది పడదు. సుంకులమ్మా, ఆ చిన్నదానికి నీ పక్కన కాస్త చోటివ్వు. అందరూ ముందుకొస్తే నేను మెల్లగా చెప్పొచ్చు. వెనక కూర్చున్నవాళ్ళ కోసం అరవాల్సి వస్తే అరుపు మిగులుతుంది, కథ పోతుంది. అరుపు సంగతేమిటో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

నల్లకొండ కింద దొండ్లవంక అని ఒక వంక ఉండేది. వానాకాలంలో రెండు గట్లూ ఒరుసుకుంటూ పారేది. ఉగాది దాటిందంటే మాత్రం పారుడు ఆగి ఒట్టి ఇసక మిగిలేది. అప్పుడు ఆ అడవిలోని జంతువులన్నీ ఇసకలో గుంట తీసి, అందులో ఊరే నీళ్ళతో తొలకరి దాకా బతికేవి. ఆ గుంటనే చెలమ అంటాం.

చెలమ ఒకటి, నోళ్ళు వెయ్యి. అందుకని ఏటా ఒక నీరుగంటిని ఎన్నుకునేవాళ్ళు. మన చెరువు నీళ్ళు ఏ మడికి ఎప్పుడు వదలాలో చూసే నీరుగంటి లాంటివాడే. చెలమ ఎక్కడ తవ్వాలో చెప్పాలి, ఎవరు ముందు తాగాలో చూడాలి, ఎవరూ అందులో దిగి బురద చెయ్యకుండా కాపలా కాయాలి.

నిరుడు అడవిదున్న నీరుగంటి అయ్యాడు. మనసు మంచిదే, ఒళ్ళే మాట వినదు. ఎండ మండితే తనే చెలమలో పడి పొర్లేవాడు. రోహిణి కార్తె వచ్చేసరికి నీళ్ళు పోయి అడుసు మిగిలింది. పెద్ద జంతువులు కొండ దాటి పోయి తాగొచ్చాయి. చిన్నవి అంత దూరం పోలేవు కదా. కుందేలమ్మ ఇద్దరు పిల్లల్ని పోగొట్టుకుంది. అందుకే ఈ ఏడు నీరుగంటి ఎవరన్నది చిన్న జంతువులకి ప్రాణాల మీది సంగతి.

ఎన్నిక పద్ధతి చెప్తాను, వినండి. సాయంత్రం అందరూ నీళ్ళకు వచ్చే వేళ, పోటీలో ఉన్నవాళ్ళకి ఇసకలో ఒక్కో గుంట తీస్తారు. ఒక్కో జంతువు ఒక్కో గులకరాయి నోట కరుచుకొచ్చి నచ్చినవాళ్ళ గుంటలో వెయ్యాలి. పొద్దు కొండ వెనక్కి దిగగానే, కొమ్ము విరిగిన ముసలి దుప్పి తాత లెక్కపెట్టి చెప్తాడు. తాతల నాటి నుంచీ ఇదే పద్ధతి.

ఇందులోకి కాకి వచ్చి పడ్డాడు.

వంక గట్టు మీద ఎండిపోయిన నల్లతుమ్మ ఒకటి ఉండేది. కాకి రోజూ పొద్దున్నే దాని చిటారు కొమ్మన కూర్చుని కబుర్లు అరిచేవాడు. పులి ఏ దారిన తిరుగుతోంది, రేగుపళ్ళు ఎక్కడ మాగాయి, ఏ పొదలో నిప్పు రాజుకుంది, ఇలాంటివి. పనికొచ్చే కబుర్లే, కాదనను. అడవి అంతా చెవి అటే పెట్టేది. కానీ కబురు లేని రోజున కాకికి గొంతు దురద. ఆ దురద తీర్చుకోడానికి వాడు కనిపెట్టినదే ముందులెక్క.

"ఎన్నిక నెల రోజులుంది గదా, అదే ఇవాళే జరిగితే ఎవరికి వేస్తారు? రండహో! నా చెట్టు కింద రాళ్ళు పెట్టండి! ఎవరు ముందో, ఎవరు వెనకో నేను చెప్తా!"

మిట్టమధ్యాహ్నం పూట ఆ లెక్క. పొద్దున కాకికి కబుర్లు అరిచి తిండి వెతుక్కునే పని, సాయంత్రం గూటికి చేరే పని. మధ్యాహ్నమైతే తీరిక. ఆ వేళకి చెట్టు చుట్టుపక్కల నీడల్లో ఎవరుంటారో వాళ్ళే రాళ్ళు వేసేవాళ్ళు. తోడేళ్ళు, కోతులు, నక్కలు. ఇంకొక నియమం కూడా పెట్టాడు.

"పది రాళ్ళు రానివాళ్ళ పేరు నా నోట రాదు. ఎంతమంది పేర్లని అరవను? నాకూ గొంతు ఒక్కటే!"

ఆ ఏడు పోటీలో ముగ్గురు నిలబడ్డారు. ఒకడు నక్క. పడమటి వైపు పెద్ద గుండు కింద వాడి కాపురం. "చెలమ నా గుండు కిందే తవ్విద్దాం, నీడగా ఉంటుంది, చిన్నవాళ్ళకి చల్లగా ఉంటుంది" అని చెప్పుకుంటూ తిరిగేవాడు. "మాకు చల్లగానా, మా మాంసం నీకు అందుబాటుగానా?" అని కుందేలమ్మ గొణిగేది గానీ, ఆ గొణుగుడు తుమ్మ చెట్టు దాకా ఎక్కడ పోతుంది?

రెండోది నెమలి. ఎందుకు నిలబడిందంటే, నిలబడితే అందరూ చూస్తారని.

మూడోది ఎండ్రకాయ, పీత అంటారే, అదే. వయసు మీద పడ్డది, కత్తెర లాంటి డెక్కల్లో ఒకటి కాస్త అరిగింది. అందరూ ఎండ్రవ్వ అని పిలిచేవాళ్ళు. వంక ఇసకలోనే పుట్టి, వంక ఇసకలోనే ముసలిదైంది. ఇసక పైన ఎండినా కింద తడి ఏ వైపు జరిగిందో ఆమెకు తెలుసు. ఎందుకు తెలియదు? ఎండ్రకాయ బతకాలంటే ఆ తడి దాకా బొరియ తవ్వుకుంటూ పోవాల్సిందే గదా.

ముందులెక్క మొదలైంది. తోడేళ్ళూ నక్కలూ ఒక్కో రాయి వేసి, చెట్టు వెనక పొద చుట్టూ తిరిగి, ఇంకో రాయి కరుచుకుని మళ్ళీ వచ్చేవి. చివరికి నక్క వరసలో అరవై, నెమలి వరసలో ఇరవై. ఎండ్రవ్వ వరసలో ఇసక.

నక్క తనే వచ్చి కాకి ముందు ఒక ఎముక పెట్టాడు. "ఎండలో అరిచి అరిచి గొంతు ఆరిపోయుంటుంది. కాస్త మూలుగ చప్పరించు బావా."

"ఇది లంచం కాదు గదా?" అన్నాడు కాకి, అప్పటికే ఎముక మీద ఒక కాలు వేసి.

"ఛ, ఛ. అభిమానం!"

మర్నాటి నుంచి కాకి కబుర్లు వినాలి మీరు.

"వినండహో! నక్క మామ ఇవాళ గట్టు మీద ఆవులించాడు! గెలుపు ధీమాతోనే ఆవులించాడని తెలిసినవాళ్ళ మాట! నెమలి రాణి ఎడమ రెక్క దులిపింది! ఇది దేనికి సూచన? రేపు పొద్దున చెప్తా!"

పులి ఏ దారిన తిరుగుతోందో చెప్పడం మానేశాడు. ఇసక ఎండిపోతోంది, చెలమ ఎక్కడ తవ్వాలి అన్న మాటే లేదు. నక్క ముందా, నెమలి ఎంత వెనక, అంతే.

నాలుగు రోజులు చూసి ఎండ్రవ్వ తుమ్మ చెట్టు కిందికి వచ్చింది. అడ్డంగా నడుచుకుంటూ రావడానికి పొద్దున బయల్దేరితే మధ్యాహ్నమైంది.

"కాకీ, ఓ మనవడా!"

"ఎవరూ? ఎండ్రవ్వా? ఏం పని?"

"నేనూ పోటీలో ఉన్నా నాయనా. నా పేరు ఒక్కసారి చెప్పు. పొగడొద్దు. ఎండ్రవ్వ కూడా నిలబడింది, చెలమ తూర్పు గట్టున తవ్వాలంటోంది, అంతే."

"నీకెన్ని రాళ్ళొచ్చాయి అవ్వా?"

"రాలేదు."

"పది వస్తేనే గదా పేరు చెప్పేది!"

"నా పేరే ఎవరికీ వినబడకపోతే పది ఎట్లా వస్తాయి?"

"వస్తే చెప్తా."

"చెప్తే వస్తాయి."

"వస్తేనే చెప్తా!"

"పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కుదరదు, పెళ్ళి కుదిరితే గానీ పిచ్చి కుదరదు అన్నట్టుంది నీ నియమం" అంది ఎండ్రవ్వ. "పోనీ, ఈ రాళ్ళయినా సరిగా ఉన్నాయా? ఆ చెవి చిరిగిన తోడేలు ఇందాకటి నుంచి మూడుసార్లు వచ్చి వేసిపోయింది. నేనిక్కడ నిలబడే చూశా."

"నా పని రాళ్ళు లెక్కపెట్టడం అవ్వా, కాళ్ళు కాదు. అయినా పక్కకి నడిచేదానివి, అడవిని ముందుకేం నడిపిస్తావు చెప్పు?"

చెట్టు కింద కోతులు పడీపడీ నవ్వాయి.

"వంకకి అడ్డంగా నడిచేవాళ్ళకే రెండు గట్లూ తెలుస్తాయి మనవడా" అంది ఎండ్రవ్వ. అనేసి మళ్ళీ అడ్డంగానే వెళ్ళిపోయింది.

దారిలో నక్క ఎదురొచ్చాడు. "అవ్వా, లెక్కలో నీకెంతొచ్చింది?"

"సున్నా."

"సున్నా గుండ్రంగా ఉంటుంది, నీ బొరియ మూతి లాగా. అందులో దూరి పడుకో, ఎండదెబ్బ తగుల్తుంది."

"నా బొరియ అడుగున నీళ్ళుంటాయి నాయనా. నీ అరవై అడుగున ఏముందో అప్పుడప్పుడు తొంగి చూసుకో."

నక్క నవ్వి పోయాడు. గెలిచే లెక్కలో ఉన్నవాడికి చురక కూడా పొగడ్తలాగే వినబడుతుంది.

ఇంకో వారానికి నెమలి పోటీ మానుకుంది. "రోజూ వెనక, వెనక అంటుంటే నా పింఛం పరువేం కావాలి?" అని కొండెక్కి కూర్చుంది. పాపం, దానికి ఆ కాసిన్ని రాళ్ళు వేసినవాళ్ళు కూడా "ఓడిపోయేవాళ్ళకి వేసి ఏం లాభం" అని నక్క వైపు జరిగారు. గాలి ఎటు వీస్తే తూర్పారబట్టిన పొట్టు అటు.

ఎండ్రవ్వ ఏం చేసింది? ఏడుస్తూ కూర్చోలేదు. పొద్దు వాలగానే నడక మొదలుపెట్టింది. కలుగు కలుగుకీ, పొద పొదకీ. పగలంతా పడుకుని, ఎండ తగ్గాక బయటికొచ్చే చిన్న జంతువులు ఎన్నున్నాయో మనకే తెలియదు. పందికొక్కులు, ముళ్ళపందులు, అలుగులు, కుందేళ్ళు, కప్పలు, ముంగిసలు. ప్రతి కలుగు ముందూ ఆగి తన డెక్క చాపి చూపించేది.

"వాసన చూడు తమ్ముడూ. ఈ డెక్కకున్నది పడమటి గుండు కింది ఇసక. ఎనిమిది జానలు దిగా. పొడి. ఈ డెక్కకున్నది తూర్పు గట్టున రెల్లుదుబ్బు కింద ఇసక. నాలుగో జానకే తడి. నక్క చెప్పిన చోట ఇంకా లోతుగా తవ్వి నీళ్ళు పట్టినా పదిహేను రోజుల్లో చెలమ ఎండుతుంది. తొలకరికి నెలన్నర ఉంది."

ముళ్ళపంది ముక్కు పెట్టి చూశాడు. "తడే! అయినా అవ్వా, చెలమ దగ్గర అందరికంటే ముందు ఎవరు తాగుతారు?"

"చిన్నవాళ్ళు. దప్పికకి ఎక్కువసేపు ఓర్చుకోలేనివాళ్ళు ముందు. నాతో సహా పెద్దవాళ్ళు తర్వాత."

"నువ్వు పెద్దదానివా అవ్వా?" అని పందికొక్కు నవ్వింది.

"వయసులో పెద్దదాన్నే లేవే!"

ఒక సాయంత్రం పందికొక్కే అడిగింది. "అది సరే గానీ, కాకి నీ పేరే ఎత్తడం లేదంటగా?"

"నువ్వు విన్నావా?"

"నేనెక్కడ విన్నాను? మా ఎదురింటి ఉడుము అన్నాడు. కాకి అరిచే వేళకి నేను మంచి నిద్రలో ఉంటా. అది కలుగు లోపలికి వినబడదు కూడా."

"మరి కాకి వచ్చి నిన్ను అడిగాడా, ఎవరికి వేస్తావని?"

"నా కలుగు ఎక్కడుందో వాడికి తెలిస్తే గదా!"

ఎండ్రవ్వ కదలకుండా నిలబడిపోయింది. రెండు కళ్ళూ కాడల మీద పైకి లేచాయి. కాకి వీళ్ళని అడగలేదు. వీళ్ళు కాకిని వినలేదు. అంటే కాకి ఎంత అరిచినా ఇక్కడ ఒక్క రాయి కూడా కదలదు. కాకి మాట వినేవాళ్ళంతా నక్క వైపే గదా, కదిలితే ఆ రాళ్ళే కదలాలి.

ఎన్నిక ముందు రోజు మధ్యాహ్నానికి అవ్వ మళ్ళీ తుమ్మ చెట్టు కిందికి చేరింది.

"మళ్ళీ వచ్చావా?" అన్నాడు కాకి. "పది రాళ్ళొచ్చాయా?"

"లేదు మనవడా. నా పేరు చెప్పమని రాలేదు. ఒక్క సంగతి తెలుసుకుందామని వచ్చా. నక్క గెలుపు ఖాయమేనా?"

"ఖాయమా అని అడుగుతావేంటవ్వా! ఇవాళ్టి లెక్క వంద! నీకు సున్నా! ఇది నా లెక్క!"

"అంత ఖాయమైతే, రేపు పొద్దు గూకేదాకా ఆగి ఆ దుప్పి ముసలాయన చెప్పేదేంటి? తెలిసిన సంగతి చెప్పడానికి నీకు భయమా?"

కాకి మెడ ఈకలు లేచాయి. "భయమా? నాకా? ఆ ముసలాడి కంటే ముందు నేను చెప్పలేననుకున్నావా?"

"నాకేం తెలుసు నాయనా, అడిగా అంతే" అని ఎండ్రవ్వ వెనక్కి తిరిగింది. తిరిగింది అంటే పక్కకే అనుకోండి.

మర్నాడు ఎన్నిక. పొద్దు సరిగ్గా నడినెత్తికి వచ్చింది. కాకి గొంతు సవరించుకున్నాడు.

"వినండహో! ఫలితం తేలిపోయిందహో! నక్క మామే నీరుగంటి! అందరికంటే ముందు చెప్పింది నేనే! నేనే! నేనే!"

ఇక చూడండి సంబరం! కోతులు తంగేడు పూలు దూసి నక్క మెడలో దండ వేశాయి. తోడేళ్ళు ఎగిరి గంతులేశాయి. "మన నక్క మామే నీరుగంటి అయ్యాక మనకి వరసేంటి, వంతేంటి!" అని గుంపంతా అప్పటిదాకా అందరూ తాగుతున్న పాత చెలమ మీద పడి, మెడ దాకా తాగి, ఉన్న నీళ్ళు కలిచి బురద చేసి పోయాయి. కడుపులు నిండాయి, ఎండ దంచుతోంది. పడమటి గుండు నీడలో ఒకరి మీద ఒకరు పడి నిద్రపోయాయి.

"సాయంత్రం రాళ్ళు వెయ్యాలి గదా మామా?" అని ఒక కోతి ఆవులిస్తూ అడిగింది.

"తేలిపోయినదానికి మళ్ళీ రాళ్ళెందుకురా, నోరు నొప్పి" అన్నాడు నక్క, దండ సర్దుకుని పక్కకి ఒత్తిగిలుతూ. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం!

ఎండ తగ్గింది. కలుగుల్లోంచి ముక్కులు బయటికొచ్చాయి. ఒక్కొక్కరి నోట్లో ఒక్కో గులకరాయి. పందికొక్కులు చిన్నా పెద్దా కలిసి వరసగా వచ్చాయి. ముళ్ళపందులు ముళ్ళు ముడుచుకుని పక్కవాళ్ళకి గుచ్చుకోకుండా వచ్చాయి. కప్పల నోళ్ళలో ఆవగింజంత రాళ్ళు. కుందేలమ్మ తన రాయి గుంటలో వేశాక కూడా అక్కడే కాసేపు నిలబడింది.

ఎండ్రవ్వ మాత్రం తన గుంట దగ్గర కూర్చోలేదు. పడమటి దారి వైపే చూస్తూ ఉంది. వాళ్ళు గానీ లేచి వస్తే? ఏ తోడేలుకైనా దప్పికేస్తే? డెక్కలు ఒకదానికొకటి తగిలి టకటకమంటున్నాయి.

ఎవరూ రాలేదు. పొద్దు కొండ వెనక్కి దిగింది.

దుప్పి తాత కాలితో ఒక్కో రాయీ పక్కకి జరుపుతూ లెక్కపెట్టాడు. నక్క గుంటలో నాలుగు రాళ్ళు. అందులో ఒకటి తొండ నోరు జారి అటు పడ్డది, ఇంకొకటి తనదీ అటే వేస్తానని మాటిచ్చినందుకు అడవిదున్న వేసినది. ఎండ్రవ్వ గుంటలో ఎంత లెక్కపెట్టినా తరగదే! వంద దాటాక తాత ఒకసారి ఆగి ఊపిరి పీల్చుకున్నాడు. చివరికి చెప్పాడు.

"నూట అరవై మూడు. ఎండ్రవ్వే నీరుగంటి."

చిన్న జంతువులు సంబరంగా వేసిన కేకలకి నక్కకి మెలకువ వచ్చింది. నలిగిన దండ మెడలో ఊగుతుండగా పరుగున వచ్చాడు.

"ఆగండాగండి! ఇదేం అన్యాయం? నేను మధ్యాహ్నమే గెలిచానుగా!"

"ఎవరి దగ్గర?" అన్నాడు దుప్పి తాత.

"కాకి దగ్గర!"

"అయితే పోయి కాకి దగ్గరే నీరుగంటి పని చూసుకో. వాడి చెట్టుకి పొద్దునా సాయంత్రం నీళ్ళు కట్టు. ఎండిపోయి చాలా ఏళ్ళయింది."

అడవి అడవంతా గొల్లున నవ్వింది. నక్క తన గుంటలోకి తొంగి చూశాడు. "నాలుగేనా? నా రాయి ఏది?"

"నువ్వు వేస్తే గదా ఉండేది!" అంది పందికొక్కు.

నక్క పళ్ళు నూరుకుంటూ తుమ్మ చెట్టు కిందికి పోయాడు. "ఒరే కాకీ! నువ్వేగా ఖాయమన్నావు!"

"నేను రాళ్ళు చూసి చెప్పా! ఆ రాళ్ళు మీవాళ్ళు పొద చుట్టూ తిరిగి తిరిగి వేశారని నాకేం తెలుసు?"

"నీకు తెలుసు!"

"నాకు తెలుసని నీకు తెలుసు గదా, మరి నువ్వెందుకు నమ్మావు?"

నక్క కొన్న అబద్ధం నక్కకే అమ్ముడుపోయింది. దండ పీకి పారేసి గుండు కిందికి పోయి పడుకున్నాడు.

ఆ మర్నాడే తూర్పు గట్టున రెల్లుదుబ్బు కింద తవ్వకం. ఎండ్రవ్వ గీత గీసి చూపించింది, పందికొక్కులూ ముళ్ళపందులూ తవ్వాయి. నాలుగో జానకి తడి. ఆరో జానకి అడుసు. ఎనిమిదో జానకి కంటినీరులా తేటగా ఊట. మొదట తాగింది ఎవరనుకున్నారు? కుందేలమ్మ కొత్త పిల్లలు, ముగ్గురు.

బురద చేసిన పాత చెలమ వారానికి పూర్తిగా ఎండింది. అప్పటి దాకా బింకంగా ఉన్న కాకికి గొంతు అంటుకుపోయింది. అరుద్దామంటే కీచుమంటోంది. సిగ్గు చంపుకుని, సాయంత్రం వరసలో చివర వచ్చి నిలబడ్డాడు. తన వంతు రాగానే తల దించుకున్నాడు.

"ముందుకి రా మనవడా, తాగు" అంది ఎండ్రవ్వ.

కాకి నమ్మలేదు. "నాకా? నీ పేరు ఒక్కసారి కూడా చెప్పలేదే నేను?"

"నా పేరు చెప్పినవాళ్ళకే నీళ్ళంటే, నేనూ నీలాంటి లెక్కే వేసినట్టు గదా. తాగు. ఇంకొక మాట. ఆ మధ్యాహ్నం నిన్ను ఉసిగొల్పింది నేనే. నువ్వు ఆగుతావేమో చూద్దామనీ ఉంది, ఆగవనీ తెలుసు. తప్పయితే తప్పే."

కాకి కడుపారా తాగాడు. ముక్కు తుడుచుకుని మెల్లగా అడిగాడు. "అవ్వా, ఇంతమంది ఎక్కడి నుంచి వచ్చారు? నేను రోజూ అడవంతా చూస్తాను. నాకు ఒక్కరూ కనబడలేదే!"

"నువ్వు చూసింది నీ చెట్టు నీడ. అడవి అనుకున్నావు."

కాకి వెనక్కి తిరిగి, తాగి పోతున్నవాళ్ళని నేల మీద నుంచి ఒక్కొక్కరినే చూశాడు. అది వాడి జీవితంలో మొదటిసారి.

"ఇక ముందులెక్క మానెయ్యమంటావా?"

"ఎందుకు మానడం? గొంతు దురద ఎక్కడికి పోతుంది నీకు! వెయ్యి. కానీ చెట్టు దిగి వెయ్యి. కలుగు కలుగుకీ పో. ఒక్క నోటికి ఒక్క రాయి అని చూసుకో. నిలబడినవాళ్ళందరి పేర్లూ చెప్పు, ఒక రోజు ఈ కొస నుంచి, ఒక రోజు ఆ కొస నుంచి. ఆవులింతలు మాని, ఎవరు ఎక్కడ చెలమ తవ్వుతామంటున్నారో అది చెప్పు. ఎవరు ముందో మాత్రం పొద్దు గూకాక దుప్పి తాత చెప్తాడులే, నీకు తొందరెందుకు?"

మరుసటి ఏడు ఎన్నికకి కాకి కలుగు కలుగుకీ తిరిగాడు. రెక్కలు నొప్పి పుట్టాయని తిట్టుకుంటూనే తిరిగాడు. ఆ ఏడు ఐదుగురు నిలబడ్డారు, నెమలి కూడా. ఐదు పేర్లూ అరిచాడు. అలవాటు చొప్పున నక్క పేరు కాస్త సాగదీసి అరిచినప్పుడు మాత్రం, కింద నుంచి ఒక డెక్క టక్కుమనేది. వెంటనే సర్దుకునేవాడు.

ఏం సుంకులమ్మా, చెయ్యెత్తావు? అవ్వ కాకిని రెచ్చగొట్టడం న్యాయమేనా అనా? మంచి ప్రశ్న. అవ్వకీ ఆ అనుమానం ఉంది, అందుకే తనే ఒప్పుకుంది. నాకైతే నూటికి నూరు పాళ్ళు న్యాయమని చెప్పే ధైర్యం లేదు. మీ అమ్మతో కూడా చెప్పి, ఆమె ఏమంటుందో రేపు నాకు చెప్పు. మీ ఇంట్లో అందరినీ అడుగు, మూలన కూర్చున్న మీ అవ్వని కూడా.

నీతి ఒక్క ముక్కే, గుర్తుపెట్టుకోండి: మనం అడగనివాళ్ళు లేనివాళ్ళు కారు.

లేవండిక. పొయ్యిల మీద సంగటి దింపే వేళయింది, వాసన ఇక్కడిదాకా వస్తోంది. చేతులు కడుక్కుని, ఇంట్లో చిన్నవాళ్ళకి ముందు పెట్టించి, కడుపు నిండా తినండి. పోండి, పోండి.